బరువు కట్టి పరుగెత్తించే పందెం

2023 జూన్‌లో ఫ్రాన్స్‌లోని లె మాన్ పట్టణం తన 24 గంటల కార్ల రేసుకు నూరేళ్ల పండగ చేసుకుంది. మూడు లక్షల పాతిక వేల మంది చూడ్డానికి వచ్చారు. అంతకు ముందు వరసగా ఐదేళ్లు ఆ రేసు గెలిచింది టొయోటా. యాభై ఏళ్ల విరామం తర్వాత పెద్ద తరగతిలోకి తిరిగొచ్చింది ఫెరారీ. రేసు ఇంకో పది రోజులుందనగా నిర్వాహకులు ఒక పట్టిక విడుదల చేశారు. టొయోటా కారు 37 కిలోలు, ఫెరారీ 24 కిలోలు, కాడిలాక్ 11, పోర్షె 3 కిలోలు అదనంగా మోయాలన్నది అందులోని సారాంశం. చివరికి ఫెరారీయే గెలిచింది. ఒక పగలూ ఒక రాత్రీ పరుగెత్తాక టొయోటా వెనకబడింది ఒకటిన్నర నిమిషం కూడా కాదు. గెలుస్తున్నవాడి నడుముకు బరువు కట్టి ఇక పరుగెత్తమనడం ఎక్కడి న్యాయమన్న ప్రశ్న ఆ వారమంతా గట్టిగానే వినిపించింది. ఆ కోపంలో తప్పు లేదు. కానీ ఆ పట్టికను ఆట నియమంగా కంటే ఖర్చు నియమంగా చదవాలంటాను. ఈ రేసింగ్‌లో ఎవరు ఎంత ఖర్చు పెట్టినా దాన్ని ఆపే శక్తి ఎవరికీ లేదు. పెట్టిన ఖర్చుకు దక్కే లాభాన్ని మాత్రం ఆపవచ్చు. ఆ బరువులు చేస్తున్న పని అదే.

ముందు ఈ ఆటలోకి డబ్బు ఎటు నుంచి వస్తుందో చూడాలి. ఫార్ములా వన్‌లో ప్రసార హక్కుల మీద, రేసు నడిపే నగరాలు కట్టే రుసుముల మీద వచ్చే ఆదాయంలో జట్లకు వాటా ఉంది. ఏటా వంద కోట్ల డాలర్లకు పైగా సొమ్మును జట్లు పంచుకుంటాయి. మన ఐపీఎల్ ఫ్రాంచైజీల లెక్క కూడా ఇంచుమించు అలాంటిదే. లె మాన్ లాంటి గంటల తరబడి సాగే పందేల్లో, అంటే కార్ల ఎండ్యూరెన్స్ రేసింగ్‌లో, అలాంటి ఉమ్మడి హుండీ లేదు. లె మాన్ గెలిచిన జట్టుకు ఇచ్చే నగదు బహుమతి వాళ్లు పెట్టిన ఖర్చులో ఏ మూలకూ రాదు. కాబట్టి డబ్బు ప్రధానంగా రెండు జేబుల్లోంచే రావాలి. ఒకటి కార్ల కంపెనీల ప్రచార బడ్జెట్. రెండోది, స్వయంగా స్టీరింగ్ పట్టుకోవాలని ముచ్చటపడే సంపన్నుల సొంత డబ్బు. ఇది కొత్తగా పుట్టిన అలవాటేమీ కాదు. రేసు మొదలైంది 1923లో. 1928, 1929, 1930 సంవత్సరాల్లో వరసగా మూడుసార్లు గెలిచిన వూల్ఫ్ బర్నాటో దక్షిణాఫ్రికా వజ్రాల గనుల ఆస్తికి వారసుడు. తాను నడిపే బెంట్లీ కార్ల కంపెనీని తానే డబ్బు పోసి నిలబెట్టిన మనిషి. అన్ని విజయాలు ఇంటికి తెచ్చిన ఆ కంపెనీ 1931లో దివాలా తీసి రోల్స్ రాయిస్ చేతికి పోయింది. ఆర్థిక మాంద్యం దెబ్బ అందులో పెద్దదే. అయినా ఈ రేసులో గెలుపుకూ గల్లాపెట్టెకూ సంబంధం లేదని చెప్పడానికి ఆ తొలి పదేళ్ల చరిత్రే సరిపోతుంది.

ఖర్చు ఎక్కడ పుడుతుందో తెలియాలంటే ఒక్క పిట్ స్టాప్ దగ్గర నిలబడి చూడాలి. కారు గీత మీద ఆగగానే ఇంజిన్ కట్టేయాలి. లోపలున్న డ్రైవర్ తన ఒంటి కొలతకు పోతపోయించుకున్న సీటు పొరను లాక్కుని బయటికి దూకుతాడు. వచ్చేవాడు తన పొర వేసుకుని లోపల ఇరుక్కుంటాడు. దిగినవాడే వంగి అతని బెల్టులు బిగిస్తాడు, రేడియో తీగ తగిలిస్తాడు, తాగే నీళ్ల గొట్టం అందిస్తాడు. పక్కన ఒకరు ఇంధనం గొట్టం పట్టుకుని ఉంటే ఇంకొకరు మంటలార్పే సిలిండర్‌తో కాపలా కాస్తారు. గాలి గొట్టం గుచ్చగానే కారు తన పొట్ట కింది జాకీల మీద తానే పైకి లేస్తుంది, చక్రాలు మారతాయి. కారు ఇలా పిట్‌లో ఆగడం ఒక రోజులో పాతిక ముప్పై సార్లు జరుగుతుంది. కారుకు ముగ్గురు డ్రైవర్లు. ఆరు గంటల వ్యవధిలో ఎవరూ నాలుగు గంటలకు మించి నడపకూడదు, మొత్తం మీద 14 గంటలు దాటకూడదు. 2010లో గెలిచిన ఆడి కారు ఈ రేసులో 5,410 కిలోమీటర్లు నడిచింది. ఒక ఫార్ములా వన్ రేసు దూరం సుమారు 305 కిలోమీటర్లు కాబట్టి, పదిహేడుకు పైగా రేసులు ఊపిరి పీల్చుకోకుండా నడిపినట్టు. అంత దూరం తట్టుకోవాలంటే ఇంజిన్, గేర్‌బాక్స్, బ్రేకులు ముందే పరీక్షల్లో ఇంకెన్ని వేల కిలోమీటర్లు తిరగాలో ఊహించుకోవచ్చు. అసలు డబ్బు హరించుకుపోయేది ఆ పరీక్షల్లోనే, అదీ ఎవరూ చూడని చోట. 2022 నుంచి ఇక్కడ వాడే ఇంధనాన్ని వైన్ తయారీలో మిగిలిన ద్రాక్ష వ్యర్థాల నుంచి తీస్తున్నారు. పత్రికలకు అది ఇష్టమైన విశేషం, లెక్కల పుస్తకంలో మాత్రం చిన్న పద్దు. పెద్ద పద్దులు మనుషులవి, ప్రయాణాలవి, విడిభాగాలవి. ప్రపంచ ఎండ్యూరెన్స్ ఛాంపియన్‌షిప్ 2025లో ఖతార్, ఇటలీ, బెల్జియం, ఫ్రాన్స్, బ్రెజిల్, అమెరికా, జపాన్, బహ్రెయిన్ తిరిగింది. ఎనిమిది రేసులకు కార్లనూ కంటైనర్లనూ మెకానిక్కులనూ నాలుగు ఖండాలు దాటించాలి.

ఇప్పుడు అసలు జబ్బు దగ్గరికి వద్దాం. ఈ రేసింగ్ చరిత్ర ఒకే కథను మూడు నాలుగు సార్లు చెప్పుకుంటూ వచ్చింది. నియమాలు కంపెనీలను ఊరిస్తాయి, కంపెనీలు పోటీపడి ఖర్చు పెంచుతాయి, ఓడినవాళ్లు ఒక్కొక్కరుగా తప్పుకుంటారు, చివరికి మైదానం ఖాళీ అవుతుంది. 1969లో పోర్షె తన 917 కారుకు అనుమతి కోసం నియమం ప్రకారం పాతిక కార్లు తయారుచేసి ఫ్యాక్టరీ ఆవరణలో వరసగా నిలబెట్టి తనిఖీ అధికారులకు చూపించింది. రేసుకు కావలసినవి రెండు మూడు, కట్టినవి పాతిక. అప్పట్లో అంత చిన్న కంపెనీకి అది దాదాపు జూదమే. 1982లో వచ్చిన గ్రూప్ సి నియమాలు ఇంధనాన్ని పరిమితం చేసి బాగానే నడిచాయి. 1990ల మొదట్లో వాటి స్థానంలో ఫార్ములా వన్ తరహా 3.5 లీటర్ల ఇంజిన్లు తప్పనిసరి చేశారు. ప్రైవేటు జట్లు ఆ ఇంజిన్లు కొనలేకపోయాయి, పెద్ద కంపెనీలు ఒక్కొక్కటే జారుకున్నాయి. 1992లో లె మాన్‌లో ముప్పై కార్లు కూడా పరుగెత్తలేదు. ఆ ఏడాదితో ప్రపంచ ఛాంపియన్‌షిప్ మూతపడి, మళ్లీ తెరుచుకోవడానికి ఇరవై ఏళ్లు పట్టింది.

2012లో తెరుచుకున్నాక జరిగింది ఇంకా పెద్ద పాఠం. సీజన్ మొదలవకముందే ప్యూజో తప్పుకుంది. మిగిలిన ఆడి, టొయోటా, 2014లో చేరిన పోర్షె కలిసి ఎల్‌ఎంపీ1 అనే తరగతిని సాంకేతిక అద్భుతంగా మార్చాయి. పోర్షె 919లో ఉన్నది రెండు లీటర్ల చిన్న ఇంజిన్. దానికి తోడు బ్రేకు వేసినప్పుడూ పొగగొట్టం నుంచీ శక్తిని పట్టి బ్యాటరీలో దాచి తిరిగి వాడే ఏర్పాటు. అన్నీ కలిపి 900 హార్స్‌పవర్. అందమైన ఇంజినీరింగే, కాదనను. కానీ ఒక్కో జర్మన్ జట్టు ఏటా 20 కోట్ల యూరోల వరకు ఖర్చు చేసిందని అప్పటి అంచనాలు. ఆనాటి మారకం ప్రకారం మన లెక్కలో దాదాపు 1,500 కోట్లు. 2015లో నిస్సాన్ ముందు చక్రాలతో నడిచే వింత కారుతో వచ్చి, ఒక్క లె మాన్ నడిపి, డిసెంబరు కల్లా పథకం ఎత్తేసింది. 2000 నుంచి 2014 మధ్య పదమూడు సార్లు గెలిచిన ఆడి, మాతృసంస్థ డీజిల్ కుంభకోణంలో కూరుకున్న మరుసటి ఏడాది 2016తో సెలవు తీసుకుంది. పోర్షె 2017తో వెళ్లిపోయింది. టొయోటా ఒంటరిగా మిగిలింది. 2016లో గెలుపు చేతికందే ముందు ఆఖరి నిమిషాల్లో కారు ఆగిపోయి ఏడ్చిన టొయోటా, 2018లో ఎట్టకేలకు గెలిచినప్పుడు ఎదురుగా ఇంకో పెద్ద కంపెనీయే లేదు. ఆ విజయాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. ఇరవై నాలుగు గంటలు కారును నిలబెట్టడం ఎప్పుడూ కష్టమే. కానీ చూసేవాళ్లకు దక్కింది ఆ మేరకు తగ్గింది.

ఎందుకిలా జరుగుతుంది? వేగం తెచ్చుకునే కొద్దీ మిగిలిన ప్రతి అర సెకనూ అంతకు ముందు అర సెకను కంటే ఖరీదు. ఎదుటివాడు కొన్నాడు కాబట్టి నేనూ కొనాలి. ఇద్దరూ కొన్నాక ఇద్దరి మధ్య తేడా మొదట ఎంత ఉందో మళ్లీ అంతే. గెలుపు మాత్రం ఏడాదికి ఒకటే. నలుగురు పోటీపడితే ముగ్గురు ఖాళీ చేతులతో బోర్డు గదిలో నిలబడి సంజాయిషీ చెప్పుకోవాలి. అలాంటప్పుడు ఫార్ములా వన్ లాగా ఖర్చుకే పరిమితి పెట్టొచ్చుగా అనే మాట సహజంగా వస్తుంది. ఫార్ములా వన్ 2021లో ఏడాదికి 14.5 కోట్ల డాలర్ల పరిమితి పెట్టి చాలావరకు నెగ్గుకొచ్చింది కూడా. అక్కడ అది కుదరడానికి కారణం, జట్టు అంటే రేసుల కోసమే ఉన్న సంస్థ. పుస్తకాలు తెరిచి చూడవచ్చు, పైగా ఆదాయంలో వాటా పోతుందన్న భయం ఉంది. ఇక్కడ ఒకరు ఏటా లక్షల కార్లమ్మే టొయోటా, ఒకరు 2023 దాకా పోటీపడిన, వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని కార్లు తయారుచేసే అమెరికా సంస్థ గ్లికెన్‌హాస్, ఇంకొకరు కంపెనీ దగ్గర కారు కొని నడిపే ప్రైవేటు జట్టు. రోడ్డు కారు కోసమని సొరంగంలో గాలి పరీక్ష చేసి, ఆ ఫలితాన్ని రేసు కారుకు వాడితే ఆ ఖర్చు ఎవరి పద్దులో రాయాలి? ఆ చిట్టా పట్టుకోగల ఆడిటర్ ఎక్కడా దొరకడు.

2021లో మొదలైన హైపర్‌కార్ నియమాలు ఈ తత్వం గ్రహించి రాసినవి. రెండు దారులు తెరిచారు. కంపెనీ తన కారును పూర్తిగా తానే కట్టుకోవచ్చు. లేదంటే డల్లారా, మల్టీమాటిక్, ఓరెకా, లిజియే అనే నలుగురు తయారీదారుల్లో ఒకరి దగ్గర చట్రం తీసుకుని, అందరికీ ఒకేరకమైన హైబ్రిడ్ భాగాలు పెట్టుకుని, ఇంజిన్, పైరూపం మాత్రం తమవి తగిలించుకోవచ్చు. ఈ రెండో రకం కారుకు ఇంజిన్ కాకుండా పది లక్షల యూరోల ధర పరిమితి. గరిష్ఠ శక్తి 500 కిలోవాట్లు, కనీస బరువు 1,030 కిలోలు. ఒకసారి అనుమతి పొందిన కారును ఏటా మార్చేయడం కుదరదు. వీటన్నిటి మీదా బ్యాలెన్స్ ఆఫ్ పెర్ఫార్మెన్స్, పొట్టిగా బీఓపీ. చక్రాలను తిప్పే ఇరుసులకు సెన్సార్లు బిగించి ఇంజిన్ నుంచి నిజంగా ఎంత శక్తి చక్రానికి చేరుతోందో క్షణక్షణం కొలుస్తారు. కారుకు ఎంత బరువు, ఎంత శక్తి, ఒక్కో విడతకు ఎంత ఇంధన శక్తి అన్నది దాన్నిబట్టి నిర్ణయిస్తారు. దీని ప్రభావం కంపెనీ లెక్కల మీద ఎలా పడుతుందో చూడండి. నేను వంద కోట్లు పోసి అర సెకను సంపాదిస్తే, వచ్చే రేసుకు నాకు పదిహేను కిలోలు తగిలిస్తారు. ఇక ఆ వంద కోట్లు పోయడమెందుకు? నమ్మకంగా నడిచే కారు, తప్పు చేయని పిట్ సిబ్బంది, టైర్లను కాపాడుకునే డ్రైవర్లు ఉంటే చాలు, గెలిచే అవకాశం ఉంటుంది. ఫలితం కళ్ల ముందే ఉంది. 2024 లె మాన్‌లో తొమ్మిది కంపెనీల హైపర్‌కార్లు 23 బరిలో దిగాయి. 2025లో గెలిచిన పసుపు రంగు ఫెరారీ ఆ కంపెనీ ఫ్యాక్టరీ జట్టుది కూడా కాదు, ప్రైవేటు ఎంట్రీ. పోలండ్‌కు చెందిన రాబర్ట్ కుబిత్సా, చైనాకు చెందిన యె యిఫే, బ్రిటన్‌కు చెందిన ఫిల్ హాన్సన్ దాన్ని నడిపారు.

ఇది ఆటే కాదనేవాళ్ల అభ్యంతరం బలమైనది. మంచి కారు కట్టినవాడికి శిక్షా? మెరుగైన ఇంజినీరింగ్ చేసినవాడు గెలవాలన్నది మోటార్ రేసింగ్ మూలసూత్రం కదా? నిజమే, కానీ ఆ సూత్రం స్వచ్ఛంగా అమలైన ప్రతిసారీ ఏమైందో పైన చూశాం. పైగా సాంకేతిక నియమం ఏదైనా ఒకరికి బరువే, ఇంకొకరికి రెక్కలే. ఇంజిన్ పరిమాణం 3.5 లీటర్లు అని రాసిన రోజున ఆ ఇంజిన్ లేనివాడి వీపున కంటికి కనపడని వంద కిలోలు పెట్టినట్టే. బీఓపీ ఆ పనిని అంకెల్లో, అందరి ముందూ చేస్తోంది. నాకు నచ్చనిది వేరే ఉంది. ఈ ఛాంపియన్‌షిప్ నియమాల ప్రకారం జట్లూ డ్రైవర్లూ బీఓపీ గురించి బహిరంగంగా వ్యాఖ్యానించకూడదు. ప్రతి ఓటమికీ బీఓపీయే కారణమని గోల చేస్తే రేసు నడవదన్నది నిర్వాహకుల బాధ కావచ్చు. కానీ నోళ్లు కట్టేస్తే అనుమానం ఇంకా పెరుగుతుంది. వేగం దాచుకుని నెమ్మదిగా నడిపి, మంచి అంకెలు తెచ్చుకుని, లె మాన్‌లో విజృంభించే ఎత్తుగడ ఎవరైనా వేస్తే, దాన్ని బయటపెట్టగలిగేది అదే లోపలి మనుషులు. కిలోలు ప్రకటించినట్టే ఆ కిలోలకు దారితీసిన లెక్కనూ వివరంగా ప్రకటించడం మంచిది.

రెండో అభ్యంతరం మరీ సూటిది: బీఓపీ ఉన్నా కంపెనీలు వెళ్లిపోతూనే ఉన్నాయిగా! 2022లో మూడో స్థానం తెచ్చుకున్న గ్లికెన్‌హాస్ 2023తో ఆపేసింది. ఇసొట్టా ఫ్రస్కీనీ 2024 సీజన్ మధ్యలోనే దిగిపోయింది, లాంబోర్గినీ ఆ సీజన్ అయ్యాక. 2025 ముగింపుతో పోర్షె కూడా ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో హైపర్‌కార్ పథకం ఆపి అమెరికా సిరీస్‌కు పరిమితమైంది. వీటిని తేలిగ్గా కొట్టిపారేయలేను. 2018లో కొత్త నియమాల మాట మొదట ప్రకటించినప్పుడు ఏడాదికి రెండున్నర, మూడు కోట్ల యూరోల్లో జట్టు నడపవచ్చన్నది ఆశ. చిన్న సంస్థకు అది కూడా మోయలేని బరువే. బీఓపీ ఖర్చును చవక చేయలేదు, చవకగా ఉంచుతానని మాట ఇవ్వనూ లేదు. అది చేసింది ఒకటే: ఒకరు వెళ్లిపోతే ఆట కూలకుండా చూసింది. 2017లో పోర్షె వెళ్లినప్పుడు మిగిలింది ఒక్క టొయోటా. ఇప్పుడు పోర్షె వెళ్లినా ఫెరారీ, టొయోటా, కాడిలాక్, బీఎండబ్ల్యూ, ప్యూజో, ఆస్టన్ మార్టిన్ మిగిలే ఉన్నాయి. 2026కు జెనెసిస్, 2027కు ఫోర్డ్, మెక్‌లారెన్ వస్తామని ప్రకటించాయి. ఎదుటివాడు దశాబ్దం ముందు మొదలుపెట్టినా తొలి రెండేళ్లలోనే పోటీ ఇవ్వగలమన్న ధైర్యం వాళ్లకు ఎక్కడి నుంచి వచ్చిందంటే, ఆ బరువుల పట్టిక నుంచే.

ఇక రెండో జేబు, స్వయంగా స్టీరింగ్ పట్టే సంపన్నులది. లె మాన్‌లో పరుగెత్తే కార్లలో కంపెనీల హైపర్‌కార్లు మూడో వంతు. మిగిలినవి ఎల్‌ఎంపీ2, జీటీ3 తరగతులవి. ఎల్‌ఎంపీ2లో అందరికీ ఒకే గిబ్సన్ వీ8 ఇంజిన్. చట్రానికి 2017లో 4,83,000 యూరోల ధర పరిమితి పెట్టారు. జీటీ3లో పోర్షె 911 జీటీ3 ఆర్ 2022లో విడుదలైనప్పుడు పన్నులు కాక 5,11,000 యూరోలు, అప్పటి మారకం ప్రకారం నాలుగు కోట్ల రూపాయలకు పైనే. అది కారు ధర ఒక్కటే. ఆ కారును సీజన్ పొడుగునా నడపడానికయ్యే దాన్ని కట్టేది ఎక్కువగా డ్రైవర్లలో ఒకరు. అంతర్జాతీయ మోటార్ క్రీడల సమాఖ్య డ్రైవర్లను ప్లాటినం, గోల్డ్, సిల్వర్, బ్రాంజ్ అని నాలుగు మెట్లుగా విడదీస్తుంది. లె మాన్ జీటీ3లో ప్రతి కారులో ఒక బ్రాంజ్ డ్రైవర్, అంటే వృత్తి రీత్యా డ్రైవర్ కానివాడు, తప్పనిసరి. 2022, 2023లో వరసగా తన తరగతిలో లె మాన్ గెలిచిన బెన్ కీటింగ్ టెక్సాస్‌లో కార్ల డీలర్. హాలీవుడ్ నటుడు పాల్ న్యూమన్ 1979లో ఏకంగా రేసు మొత్తంలో రెండో స్థానం తెచ్చుకున్నాడు. 2025 జనవరిలో దుబాయ్ 24 గంటల రేసులో సొంత జట్టు తన తరగతిలో మూడో స్థానం సాధించినప్పుడు తెలుగు అభిమానులు కూడా సంబరపడిన అజిత్ కుమార్, సికింద్రాబాద్‌లో పుట్టి 'ప్రేమ పుస్తకం'తో తెలుగులో పరిచయమైన నటుడు, ఈ తరహా వాడే. ప్రాక్టీసులో అతని కారు గోడను ఢీకొట్టినా పోటీ నుంచి పూర్తిగా తప్పుకోలేదు.

డబ్బున్నవాళ్లకు సీటు అమ్మితే ప్రమాదం కదా అంటే, అవును, ఉంది. 2011లో రెండు ఆడీలు వెనకబడ్డ ఫెరారీలను దాటబోయి నుజ్జయ్యాయి. 2012లో ఆంథొనీ డేవిడ్సన్ టొయోటా ఇలాగే ఒక అమెచ్యూర్ ఫెరారీని తాకి గాల్లోకి లేచింది, అతని వెన్నుపూసలు రెండు విరిగాయి. ఆ రేసుల్లో తప్పు ఎవరిదన్న చర్చ పక్కన పెడితే, గంటకు 300 కిలోమీటర్లు దాటే కార్లూ అంతకంటే చాలా నెమ్మదైన కార్లూ రాత్రంతా ఒకే దారిలో కలిసి తిరగడంలోనే ఆ ముప్పు ఉంది. తర్వాతి ఏళ్లలో ప్రమాదం జరిగిన భాగంలో కార్లన్నిటినీ ఒకే వేగానికి దించే స్లో జోన్లు, డ్రైవర్లకు వెనక వచ్చే కారును చూపించే తెరలు వచ్చాయి. ముప్పు తగ్గింది, పోలేదు. కానీ ఆ బ్రాంజ్ డ్రైవర్‌ను తీసేస్తే అతనితో కారు పంచుకుని జీతానికి నడిపే ఇద్దరు కుర్రాళ్ల ఉద్యోగాలు కూడా పోతాయి. 2012లో లె మాన్ నడిపిన తొలి భారతీయుడు కరుణ్ చాందోక్ తన తొలి ప్రయత్నంలోనే మొత్తం మీద ఆరో స్థానం తెచ్చుకున్నది ఒక ప్రైవేటు జట్టులోనే. ఫ్యాక్టరీ కాంట్రాక్టు లేని డ్రైవర్లకు ఈ రేసులో దొరికే తలుపు చాలావరకు అదే. బీఓపీ అక్కడ కూడా పని చేస్తోంది. కోట్లు పెట్టి కొన్న జీటీ3 కారు, కొత్త మోడల్ రాగానే పనికిరాకుండా పోదు. కొత్తదాని వేగాన్ని పాతదాని దగ్గరికి దించుతారు కాబట్టి నాలుగైదేళ్లు నడిపి, ఆసియా సిరీస్‌లోనో దేశీయ రేసుల్లోనో నడిపేవాళ్లకు మంచి ధరకే అమ్ముకోవచ్చు. 2024లో జీటీ3 తరగతి ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లోకి వచ్చిన తొలి ఏడాదే తొమ్మిది కంపెనీల కార్లు, ఒక్కోదానికి రెండు చొప్పున పద్దెనిమిది, సీజన్ మొత్తానికి నిండిపోయాయి.